కోటు లోపలి పేర్లు

తడిగుడ్డ పరిచి ఉన్ని కోటును ఇస్త్రీ చేస్తే ఒక వాసన వస్తుంది. ముందు గొర్రె వాసన, దాని వెనక సన్నగా ఎప్పటిదో పౌడరు వాసన. ఈ ఉదయం మా మనవరాలు సహన కోసం నీలం కోటు మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ఆ ఆవిరి ముఖానికి తగిలింది. పెట్టె పక్కన నిలబెట్టి కాసేపు కుర్చీలో కూర్చున్నాను. పని మధ్యలో ఆపి కూర్చునే అలవాటు నాకు లేదు. డోరతీ గారు గుర్తొస్తే మాత్రం కూర్చుంటాను.

ఆవిడ ఇక్కడే, అమెరికాలోని ఈ డబ్లిన్‌లో, మా అమ్మాయి ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. ఎనభై దాటిన తెల్లావిడ, ఒంటరి. నేను ఐదో తరగతితో బడి మానేసి, నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళకి జాకెట్లు కుట్టి ఇల్లు నడిపినదాన్ని. నాకు ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. మొదటిసారి దారిలో ఎదురైనప్పుడు పలకరింపైనా లేకుండా నా జాకెట్టు చేతి అంచు పట్టుకుని తిరగేసి చూశారు. నాకు ఒళ్ళు మండి చెయ్యి లాక్కున్నాను. అప్పుడు కాలేజీలో చదువుతున్న సహన పక్కనే ఉంది. నవ్వాపుకుంటూ ఆవిడ మాటలు నాకు చెప్పింది.

"అమ్మమ్మా, నీ స్టిచింగ్ లోపల కూడా నీట్‌గా ఉందంట. ఆంటీ హాలీవుడ్ స్టూడియోలో డ్రెస్సులు కుట్టేదంట, ట్వంటీ ఇయర్స్."

"సినిమావాళ్ళా? అయితే పద ఇంటికి" అన్నాను. ఒక సినిమా చూసే సమయంలో రెండు జాకెట్లు పూర్తవుతాయన్నది నా లెక్క.

తర్వాత వారం నేనే వాళ్ళ గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. ఆవిడ కళ్ళు మసకబారుతున్నాయి, సూదిలో దారం ఎక్కించే మనిషి కావాలని సహనతో చెప్పి పంపారు. వారానికి ఒకసారి వెళ్ళేది రోజూ అయింది. సహన ఉంటే మాటలు, లేకపోతే చేతులు. స్టూడియోలో ఏది కుట్టినా కుట్టు లోపల నాలుగు వేళ్ళ వెడల్పు బట్ట వదిలేవాళ్ళని అక్కడే తెలుసుకున్నాను. ఒక నటి వేసుకున్నది ఆ సినిమా అయ్యాక ఇంకో నటికి వస్తుంది, ఆమె లావుగా ఉంటే విప్పుకోవాలి కదా. ఎదిగే పిల్లల గౌన్లకి లోపల మడతలు పెట్టి కుట్టినదాన్నే కానీ, రేపెప్పుడో వచ్చే ముక్కూముఖం తెలియని మనిషి కోసం బట్ట దాచిపెట్టడం నేను వినలేదు. మెచ్చుకున్నాను. ఊరికే మెచ్చుకునే మనిషిని కాను.

ఆ ఏడు పాత హాలీవుడ్ మీద ఒక సినిమా వచ్చింది. దాన్ని తీసినాయన పేరెత్తితే మా ఇంట్లో కంచాల్లో అన్నం చల్లారిపోయేది. అంతటి డైరెక్టరు మళ్ళీ పుట్టడని అల్లుడు. "అతని మూవీస్ నిండా బ్లడ్డే, డాడీ. ఇప్పుడేమో ఓల్డ్ డేస్ గ్రేట్ అంటున్నాడు. ఎవరికి గ్రేట్?" అని సహన. డోరతీ గారికి ఈ గొడవ పట్టలేదు. అందులో కుట్టుగది చూపించాడా లేదా, అదొక్కటే కావాలి. ఇరవై ఏళ్ళు కుట్టినా ఆవిడ పేరు ఏ తెర మీదా పడలేదు. కంటిచూపు పూర్తిగా పోకముందే ఆ సినిమా చూడాలి, స్టూడియో పాత బట్టలు అమ్మేసిన రోజు తెచ్చుకున్న నీలం కోటు వేసుకునే చూడాలి. మనిషి చిక్కిపోయి కోటు వదులైంది. బిగించమని నా చేతికిచ్చారు.

బిగించాను. మెడ లోపల ఒక నూలు పట్టీ కుట్టి ఉంది, దాని మీద చెమట మరకలు, ఇంకు గీతలు. కొన్న బట్టలకుండే చీటీలు మెడకి గుచ్చుకుంటాయని నేను అన్నీ తీసేస్తాను. ఇదీ అలాంటిదే అనుకుని విప్పేశాను. గుడ్డపేలికైనా పారేయడం నాకు చేతకాదు. మా పెరట్లో కుండీలో వాలిపోతున్న కరివేపాకు మొక్కని ఆ పట్టీతో పుల్లకి కట్టాను.

సినిమాకి వెళ్ళే రోజు మా ఇంటికొచ్చి కోటు తొడుక్కుని ఆవిడ మెడ వెనక తడుముకున్నారు. మళ్ళీ తడుముకున్నారు. మెల్లగా ఏదో అడిగారు. సహన ముఖం వాడిపోయింది.

"అమ్మమ్మా, లోపల టేప్ ఉండేదంట. కోటు ఎవరు వేసుకుంటే వాళ్ళ నేమ్ రాస్తారంట, ఒకదాని కింద ఒకటి. త్రీ స్టార్స్ నేమ్స్, లాస్ట్‌లో ఆంటీ నేమ్. నువ్వు తీసేశావా?"

ఆవిడ పేరు ఆ తారల సరసన ఉన్న చోటు లోకంలో అదొక్కటే. నేను పెరట్లోకి నడిచాను, ఆవిడా వెనకే వచ్చారు. ముడి విప్పి ఆవిడ అరచేతిలో పెట్టాను. రోజూ నీళ్ళు పోశానుగా, నాలుగు పేర్లూ నీలి మరకలయ్యాయి. "తప్పయింది" అన్నాను. ఆ మాట నా నోట విని సహన నావైపు చూసింది.

డోరతీ గారు పట్టీని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత మొక్కవైపు చూసి అడిగింది ఒక్కటే, అది నిలబడిందా అని. నిలబడిందన్నాను. సంచిలోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టారు.

"నాకు ఇంగ్లీషు రాదని చెప్పవే."

"నీకు వచ్చిందే రాయమంటోంది. స్టార్స్ నేమ్స్ వద్దంట. వాళ్ళవి చాలా చోట్ల ఉన్నాయంట."

ఐదో తరగతి అక్షరాలతో ఆ పట్టీ మీదే ఆవిడ పేరు తెలుగులో రాసి, అక్కడే నిలబడి మెడ లోపల కుట్టాను. ఆట మొదలయ్యే వేళకి హాల్లో ఉన్నాం.

కుట్టుగది వచ్చింది, నాలుగు క్షణాలు. ఒకామె నోట్లో గుండుసూదులు పెట్టుకుని గలగలా మాట్లాడుతోంది. "అబద్ధం. మింగి చచ్చేది" అన్నారట డోరతీ గారు. చివర్లో పేర్లు పడుతుంటే జనం లేచిపోయారు. ఆవిడ లేవలేదు. చీపురుతో వచ్చినతను మా వరుస దగ్గర ఆగి వేచి ఉన్నాడు. ఆ డైరెక్టరంటే పడని సహనే, దుస్తులు కుట్టినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ ఆవిడ చెవిలో చదివి వినిపించింది. ప్రతి పేరుకీ ఆవిడ తలూపారు, అందరూ తెలిసినవాళ్ళయినట్టు.

"మూవీ నాకు నచ్చలేదు, అమ్మమ్మా" అంది కారెక్కాక. "లాస్ట్‌లో ఆ నేమ్స్ తప్ప."

డోరతీ గారు పోయాక కోటు నాకొచ్చింది. ఆవిడ పేరు కింద నా పేరు రాసుకుని ఆరు చలికాలాలు వేసుకున్నాను. ఇప్పుడు సహనకి ఉత్తరాన బాతెల్ అనే ఊళ్ళో ఉద్యోగం. అక్కడ ఎప్పుడూ వాన, చలీనట. కొత్త కోటు కొనుక్కుంటానంటే, ఉన్న కోటుకి ఏమొచ్చిందన్నాను. భుజాల దగ్గర రెండు వేళ్ళు విప్పితే సరిపోయింది. లోపల ఇంకా రెండు వేళ్ళ బట్ట ఉంది.

ఇందాకే పెన్ను పట్టుకుని వచ్చి కూర్చుంది. "నా నేమ్ నేనే రాసుకుంటా. తెలుగులోనే."

"చిన్నగా రాయి" అన్నాను. "కింద చోటుండాలి."