జైబున్ ఖాలా ఇంటి నల్లా

నార్కట్‌పల్లిలో మా కిరాయి ఇంటి వంటగది కిటికీలో, ఉప్పు డబ్బా పక్కన, ఒక పాత ఇత్తడి నల్లా ఉంటుంది. దాని తోకకు జానెడు ఇనుప పైపు తుప్పుపట్టి అతుక్కునే ఉంది. ఇంటికి వచ్చినవాళ్లంతా ఈ చెత్త ఎందుకు దాచావని అడుగుతారు. మొన్న కొత్త నల్లా బిగించడానికి వచ్చినాయన కూడా అడిగాడు. అతను తెల్లటి టేపు నాలుగు చుట్లు చుట్టి, ఐదు నిమిషాల్లో పని ముగించాడు. ఆ టేపుకు ఏ వాసనా లేదు. నాకేమో నల్లా పని అంటే సఫేదా వాసన రావాలి, నూనె కలిసిన ఆ తెల్లని ముద్ద వాసన, దాని వెంట తడిసిన నూలు వాసన, ఆ రెండింటి వెంట మోత్కూర్‌లో మా ఇల్లు.

మా ఇల్లంటే సగం మగ్గమే. గుంతలో కాళ్లు పెట్టుకుని నాయిన నేస్తుంటే, గోడవారగా రాట్నం ముందు కూచుని అమ్మ కండెలు చుట్టేది. వానకాలంలో గంజి పెట్టిన నూలు ఆరక ఇల్లంతా పులిసిన వాసన వేసేది. పొయ్యి మీద సర్వపిండి కాలుతుంటే ఆ వాసనా ఈ వాసనా కలిసి మాకు ఆకలి రెట్టింపయ్యేది. నేనూ, వెనక గల్లీలో ఉండే జైబున్ ఖాలా బిడ్డ షబానా అరుగు మీద కచ్చకాయలు ఆడుతూ, మగ్గం చప్పుడు ఎట్లా పడితే అట్లా కాయ ఎగరేసేవాళ్లం. నాయిన పోగు తెగి ఆగితే మా ఆట కూడా తప్పేది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు ఆ చప్పుడు పూర్తిగానే ఆగింది. చీరలు అడిగేవాళ్లు లేరు. సూరత్ మిల్లులో పనిచేసే పెదనాయిన, అందరూ వచ్చేయండని ఫోన్ మీద ఫోన్ చేసేవాడు. నాయినకు పోవాలని లేదు. వీధిలో ఎవరి మగ్గం విరిగినా, ఎవరి తలుపు వంగినా బాగుచేసిన చెయ్యి ఆయనది. మగ్గం చెక్క ఒకటి ఊడదీసి, దాని మీద నీలిరంగుతో ‘ఇంటి రిపేర్లు అన్నీ చేయబడును’ అని రాసి గుమ్మానికి వేలాడేశాడు. రంజాన్ పండుగ దాకా చూద్దాం, పని దొరక్కపోతే సూరత్ రైలెక్కుదాం అన్నాడు. నాలుగో తరగతి చదివే నేను బడి నుంచి రాగానే ఆ బోర్డు కింద ఎవరైనా నిలబడ్డారా అని చూసేదాన్ని. నిలబడ్డవాళ్లు నవ్వడానికే నిలబడేవారు.

“ఏం బావా, నల్లా గూడ నేస్తవా?” అనేవాడు ఛాయ్ హోటల్ మల్లేశం.

“నేస్త. అంచు ఏ రంగుల గావాల్నో చెప్పు,” అనేవాడు నాయిన. అని నవ్వేవాడు గానీ, లోపల ప్రయాణం పెట్టె దులుపుతున్న అమ్మ వైపు చూసేవాడు కాదు.

పండుగ రేపో ఎల్లుండో అనగా, మధ్యాహ్నం వాన వెలిసిన కాసేపటికి, జైబున్ ఖాలా కొంగు నెత్తిన వేసుకుని ఉరికివచ్చి అమ్మను పిలిచింది. వాకిట్లో నల్లా విరిగి, మిద్దె మీది ట్యాంకు నీళ్లన్నీ మోరీ పాలవుతున్నాయట.

“పద్మా, మా మొగోళ్లు దుకాణంల ఉన్నరు. అన్నతోని నువ్వు గూడ రా. రోజా ఇడిచేయాళ్లకు ఇంట్ల సుక్క నీళ్లుండయ్.”

నాయిన సంచీ తీసుకున్నాడు, అమ్మ నూలు ఉండ తీసుకుంది, బజారులో కొత్త నల్లా కొనుక్కుని పోయారు. నేను వెనకాలే ఉరికాను. నాయిన ముందు ఒక కట్టెముక్క చెక్కి, గుడ్డ చుట్టి, పారుతున్న పైపు నోట్లో దిగగొట్టాడు. ఇక కొత్త నల్లా తోకకున్న మరల మీద సఫేదా పూసి, నూలు చుట్టి, పైపులోకి తిప్పి బిగించాలి. “చుట్టుడంటే నువ్వేనే,” అని నల్లా అమ్మ చేతికిచ్చాడు. అమ్మ కండె చుట్టినట్టే చుట్టింది, పోగు మీద పోగు ఎక్కకుండా, చూడముచ్చటగా. నాయిన బిగించాడు. కారింది.

విప్పి, అమ్మ ఈసారి రెండింతల నూలు చుట్టింది. ఇంకా ఎక్కువ కారింది. వంటింట్లోంచి నెయ్యిలో వేగే సేమియా వాసన, గుగ్గిళ్ల తాలింపు వాసన కమ్మగా వస్తున్నాయి. “నాది రోజా, నువ్వు జర ఉప్పు సూడు బిడ్డా,” అని ఖాలా నా నోట్లో పెట్టిన గుగ్గిళ్లలో ఉప్పు ఉందో లేదో నాకు తెలియలేదు. నాయిన లుంగీకి చేతులు తుడుచుకుని, “ఇగ మూటలు గట్టుడేనే,” అన్నాడు. షబానా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అమ్మ మాత్రం నల్లానే చూస్తోంది. నూలంతా మరలు వదిలి బయటికొచ్చి, పైపు అంచున సిగముడిలా కుప్పపడింది.

“ఓ అయ్యా, గిటు సూడు! నేను జుట్టింది నువ్వు ఇప్పుతున్నవ్!”

“నేనెందుకు ఇప్పుతనే?”

“నా చెయ్యి గిట్ల వోతది. నువ్వు గట్ల తిప్పుతున్నవ్.”

“యా అల్లా! ఇన్నేండ్లు సంసారం గూడ గిట్లనే జేసిండ్రా?” అంది ఖాలా. ఉపవాసంతో నీరసపడిన మనిషి నవ్వలేక గోడకు ఆనుకుంది.

ఎదురువైపు చుట్టబోతే అమ్మ చెయ్యి వినలేదు. ఏళ్ల తరబడి రాట్నం దగ్గర ఒకే తీరు అలవాటైన చెయ్యి, రెండు చుట్లకే పాత దారి పట్టేది. చివరికి చెయ్యిని దాని మానాన వదిలేసి, నల్లానే తిప్పి పట్టుకుంది, తోక ఇటున్నది అటు. చెయ్యి ఎప్పటిలాగే తిరిగింది, నూలు మాత్రం బిగించే వైపు చుట్టుకుంది. నాయిన పానా వేశాడు. ఒక్కో తిప్పుకు నూలు లోపలికి కూరుకుపోయింది. కింద వేలు పెట్టి చూసి, ఆ వేలు మా అందరికీ చూపించాడు. పొడి వేలు.

ఉపవాసం విడిచే వేళయిందని మసీదు సైరన్ మోగింది. ఖాలా ఖర్జూరం నోట్లో వేసుకుని, ఆ నల్లా నీళ్లే గ్లాసుడు పట్టుకుని తాగి, అమ్మకూ ఒక గ్లాసు పట్టి ఇచ్చింది. అప్పుడు నాకు గుగ్గిళ్లు ఎంత రుచిగా ఉన్నాయో తెలిసింది.

పండుగ సేమియా పంచుతూ ఖాలా ఇంటింటికీ ఒకటే మాట చెప్పింది: “ఆలుమగలిద్దరొస్తరు. ఇంట్ల మొగోళ్లు లేకున్నా ఫికర్ లేదు.” మర్నాటి నుంచే పిలుపులు మొదలయ్యాయి. నాయిన బోర్డు దించి, కింద ఇంకో వరుస రాశాడు: ‘ఇద్దరం వస్తాం.’ ప్రయాణం పెట్టె మళ్లీ అటక ఎక్కింది.

ఇప్పుడు ఆ మగ్గం గుంత పూడిపోయింది, దాని మీద పైపులు నిలబెట్టి ఉన్నాయి. అమ్మ కూడా టేపే చుడుతుంది. ఖాలా వాళ్లు పాత గోడలు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టినప్పుడు నాయిన ఆ నల్లా ఊడదీయబోతే రాక, పైపుతో సహా కోసి తెచ్చాడు. నా పెళ్లికి గిన్నెలతో పాటు అమ్మ దాన్ని కూడా సర్ది పంపింది.

మొన్న వచ్చినాయన ఇదేమీ ఎరగడు. “అక్కా, ఇత్తడి, ఇనుము ఏరు జేసిస్త, పాత సామానోడు తీస్కపోతడు,” అని పానా పట్టాడు. కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. మొహం ఎర్రబడింది గానీ నల్లా కదల్లేదు.

“ఎవలు బిగించిండ్రక్కా గిది?” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

“మా అమ్మా నాయిన,” అన్నాను. “మూడోసారికి.”