తొక్కించని నిమ్మకాయ

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో నాకు ఆతిథ్యమిచ్చిన రమణమూర్తి గారికి అరవైల నాటి, భారీ ఇంజనున్న మజిల్ కారు ఒకటుంది. ఆదివారం పాత కార్ల ప్రదర్శనకు తీసుకెళ్తానంటే, అందులోనే ఊరేగుతామని ఉబలాటపడ్డాను. తీరా చూస్తే కారు ట్రైలరెక్కింది, మేం దాన్ని లాగే ట్రక్కులో కూర్చున్నాం. గుర్రాన్ని బండెక్కించి గాడిదలతో లాగించినట్టుంది.

అక్కడా అంతే. బానెట్ ఎత్తిపెట్టి, వెనక మడత కుర్చీలు వేసుకుని, వచ్చేపోయేవాళ్ల పొగడ్తల కోసం కాచుక్కూర్చోవడమే. విసుగొచ్చి తలుపు మీద చెయ్యి వేశాను.

“టచ్ చెయ్యకండి సర్, ఇప్పుడే పాలిష్ చేశా!” అన్నారు రమణమూర్తి గారు.

“మరి డ్రైవ్ ఎప్పుడు చేస్తారు?”

“అమ్మో! రోడ్డు మీద రాళ్లు తగిలితే పెయింట్ పోదూ?”

ముందు టైరు దగ్గర ప్లాస్టిక్ కవర్లో నిమ్మకాయ కనిపించింది. అదేమిటన్నాను.

“ప్రతి షోకీ దిష్టికి పెడతానండీ. రసం ఒరిజినల్ టైర్లకి అంటకూడదని కవర్లో పెట్టా.”

మూడొందల గుర్రాల బలమున్న ఇంజనట! ఒక్క నిమ్మకాయను తొక్కలేకపోయింది.

ఇంతలో పక్కనున్న అమెరికన్ ముసలాయన సొట్టలుపడ్డ తన పాత కారు స్టార్ట్ చేసి, నా మొహం చూసి, “ఒక రౌండ్ వేద్దామా?” అని ఇంగ్లీషులో అడిగాడు. నేను ఆ నిమ్మకాయను కవర్లోంచి తీసి, ఆయన టైరు ముందు పెట్టి, కారెక్కాను.

“అదెందుకు?” అన్నాడాయన.

“మా దేశంలో నడిచే బండికి పెడతాం” అన్నాను, రమణమూర్తి గారికి కూడా వినపడేలా.