అక్క గీసిన పంపు

మొన్నొక సాయంత్రం తిరువళ్ళూరులో మా ఇంటి వంటగదిలో చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ కూర్చుని ఉండగా, మా అక్క కూతురు తన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నా ఎదుట నేలమీద పెట్టి, ఏదైనా ఒక యంత్రభాగం చెప్పు చిన్నమ్మా అని అడిగింది. ఈ పిల్ల చెన్నైలో యంత్రభాగాల డిజైన్లు చేసే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ, కొన్నిరోజులు రైల్లో ఆఫీసుకు పోయి వస్తూ, తక్కిన రోజులు మా ముందుగదిలో తలుపు వేసుకుని పని చేసుకుంటూ నా దగ్గరే ఉంటున్నది. మోటారును గోడకు బిగించే ఇనపపట్టీ ఒకటి గీయమను చూద్దాం అన్నాను. ఆ మాటనే తను ఇంగ్లీషులో ల్యాప్‌టాప్‌లోని ఏఐకి చెప్పింది. నేను ఇంకొక కాయ తుంచేలోపల తెరమీద పట్టీ ప్రత్యక్షమైంది, రంధ్రాలతో, కొలతలతో, ముందునుంచి చూస్తే ఎట్లా ఉంటుందో పక్కనుంచి చూస్తే ఎట్లా ఉంటుందో ఆ బొమ్మలన్నిటితో సహా. వంపు దగ్గర బలం చాలదు, అక్కడొక అడ్డబద్ద వేయమన్నాను. వేసింది.

పిల్ల సంబరంగా చప్పట్లు కొట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని చేసి పోయిన ఏడే రిటైరైన నేను దాన్ని చూసి ఆశ్చర్యపోయి ఉండాలి, లేకుంటే నా విద్య విలువ ఇంతేనా అని చిన్నబుచ్చుకొని ఉండాలి. ఆ రెండూ జరగలేదు. కాయ తుంచడం ఆపి ఆ చప్పట్లే విన్నాను. ఇటువంటి చప్పట్లు నేను ఇదివరకొకసారి విని ఉన్నాను. అప్పుడవి నా కోసమే మోగినవి.

మాది తిరుత్తణి పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం. తెలుగు అక్షరాలు నేను మా నాయన దగ్గర నేర్చుకున్నవే. నేను అక్క అంటున్నది మా పెదనాన్న కూతురిని. నాకంటే కొన్నేళ్ళు పెద్దది. మా వైపు ఆడపిల్లలెవరూ ఇంజనీరింగు మాట ఎత్తని కాలంలో ఐటీఐలో చేరి డ్రాయింగు నేర్చుకుని, పట్టాభిరామ్‌లో పొలాలకు నీళ్ళు తోడే పంపులు చేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం సంపాదించింది. నేను పాలిటెక్నిక్ ముగించి ఇంట్లో కూర్చున్నప్పుడు, మా చెల్లెలొకతి ఉంది అని ముదలాళికి, అంటే కంపెనీ యజమానికి, చెప్పి నన్నూ తన పక్క బల్లకు చేర్చింది. ఇద్దరం తిరువళ్ళూరులో గుడి వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే కరెంటు రైలెక్కి పట్టాభిరామ్ పోయి, పొద్దుగూకాక తిరిగి వచ్చేవాళ్ళం. ఆదివారం వస్తే బస్సెక్కి ఊరికి. ఆడికృత్తిక పండుగ రోజుల్లో ఆ బస్సులో తిరుత్తణి కొండకు కావడి మోసేవాళ్ళ మధ్య నిలబడేదానికే చోటు దొరికేది కాదు. చందనం పూసుకున్న గుండ్లూ, పూలవాసనా, ఆ ఒత్తిడిలోనే అక్క నాకు పంపు రెక్కలు ఎందుకు వంకరగా ఉంటాయో చెబుతుండేది.

నా ఈడువాళ్ళకు డ్రాయింగు ఆఫీసంటే ఏమిటో చెప్పనక్కరలేదు. కాగితాలు ఎగిరిపోతాయని ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయనిచ్చేవారు కాదు. చెమట పడితే ట్రేసింగు కాగితం ఉబ్బుతుందని అరచేతి కింద చేతిగుడ్డ పరుచుకుని గీసేవాళ్ళం. పక్కగదిలో నకళ్ళు తీసే యంత్రం అమోనియా వాసనకు కళ్ళు మండేవి, ఆ కంపు తలవెంట్రుకలకు పట్టి రైల్లో మా పక్కన కూర్చున్నవాళ్ళు కొంచెం జరిగి కూర్చునేవారు. గీత తప్పితే బ్లేడును సగానికి విరిచి, ఇంకును పైపైన గీకి, ఆ చోటును గోటితో నున్నగా రుద్ది, మళ్ళీ గీయాలి. సరిగా రుద్దకపోతే కొత్త ఇంకు పాకిపోతుంది. నేను గీకితే కాగితానికి చిల్లి పడేది. అక్క గీకిన చోటును వెలుతురుకు ఎత్తి చూసినా ఎక్కడ గీకిందో ఎవరికీ తెలిసేది కాదు. పంపు ఒళ్ళు నత్తగుల్ల మాదిరి చుట్టుకుంటూ పోతుంది కదా, ఆ వంపును చాలామంది ముక్కలు ముక్కలుగా అతికించేవాళ్ళు. అక్క ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో లాగేది.

అట్లా ఉండగా కంప్యూటర్ వచ్చింది. దాని కోసమే ఒక గది కట్టి, ఏసీ పెట్టి, అద్దాల తలుపు బిగించి, చెప్పులు బయట విడిచి రావాలని బోర్డు రాశారు. రైల్లో రోజూ దాని గురించే మాట. అది పదిమంది అన్నం తింటుందని ఒకరూ, ట్రాక్టరు వచ్చినప్పుడు కూడా ఇట్లాగే అన్నారు గదా అని ఇంకొకరూ. పడమటి దేశాల్లో మనుషులు తక్కువ కాబట్టి వాళ్ళకు యంత్రం కావాలి, మనకెందుకని ఆవడిలో ఎక్కే ఒక పెద్దాయన దినమూ వాదించేవాడు. నాకైతే అవేవీ పట్టలేదు. ఆ గదిలోకి పోవాలి, అంతే. మదరాసులో శిక్షణకు ఒకరిని పంపుతామని ముదలాళి అన్నప్పుడు, చిన్నది, బిర్రున నేర్చుకుంటుంది అని నా పేరు చెప్పింది అక్కే.

నేను నేర్చుకుని వచ్చిన కొన్నాళ్ళకు పోటీ లాంటిదొకటి జరిగింది. కంపెనీలో వాటా ఉన్న ముదలాళి తమ్ముడు, ఇంత ఖర్చుపెట్టి ఈ పెట్టె ఎందుకు కొన్నావని పోట్లాడుతుంటే, ఆయనకు చూపించడం కోసం ముదలాళి ఒకే పంపును అక్కను బల్లమీద, నన్ను తెరమీద గీయమన్నాడు. కంప్యూటర్ అమ్మినవాళ్ళూ వచ్చారు, షెడ్డులోని పనివాళ్ళూ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. మొదట అక్కే ముందుంది. ఆ నత్తగుల్ల వంపు నాకు తెరమీద ఎంతకూ కుదరక తంటాలు పడుతుంటే, అద్దాల అవతల అక్క దాన్ని లాగేసి, అక్షరాలు రాయడం మొదలుపెట్టింది. తమ్ముడుగారు నవ్వుతున్నారు. ఎట్లాగో నేనూ ముగించాను. అప్పుడు ముదలాళి, నీళ్ళు బయటికి వచ్చే మూతిని ఇప్పుడు కొంచెం వెడల్పు చేయండి ఇద్దరూ అన్నాడు.

నాకది రెండు మీటలు నొక్కేంత పని. మూతి వెడల్పయింది, దాని వెంట ఉన్న కొలతలూ మారినవి. అందరూ నా గదిలోకి వచ్చి తెర చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. ఆ సంతోషంలో ఒకసారి అద్దంలోంచి బయటికి చూశాను. ఖాళీ అయిపోయిన హాల్లో అక్క ఒక్కతే తల వంచుకుని, విరిచిన బ్లేడుతో ఇంకు గీకుతోంది. ఇక ఆ పని ఎవరికీ అక్కరలేదు. అయినా గీకుతోంది. నేను చూపు తిప్పుకుని, చప్పట్లు కొడుతున్నవాళ్ళ వైపు చూసి నవ్వాను.

ఆ ఏడు తిరగకముందే బల్లలు తీసేశారు. అక్కను సరుకు పంపే విభాగంలో వేశారు. అక్కడ చెక్కపెట్టెలమీద ఊళ్ళ పేర్లు రాస్తూ కొన్నాళ్ళుండి, పెళ్ళి కుదిరాక మానేసి తిరుత్తణి వెళ్ళిపోయింది. నేను అక్కడా, తరువాత ఇంకా పెద్ద చోట్లా పంపులు గీస్తూ పైకి వచ్చాను. నా పేరు తలుపుమీద రాసిన గది కూడా ఒకటి దొరికింది. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న ప్రతిసారీ, ఎవరైనా నన్ను మెచ్చుకున్న ప్రతిసారీ, ఆ వంచిన తల నా కళ్ళముందుకు వచ్చేది. అక్క కూతురిని నేనే వెంటపడి లెక్కలు నేర్పి, ఇంజనీరింగులో చేర్పించి, నా ఇంట్లో పెట్టుకున్నాను. ఊళ్ళో అందరూ దాన్ని ప్రేమ అన్నారు. అందులో సగం ప్రాయశ్చిత్తమని నాకు తెలుసు.

చిక్కుడుకాయల సాయంత్రం తరువాత వచ్చిన ఆదివారం, ఇక దాచుకోవడం నావల్ల కాక తిరుత్తణి బస్సెక్కాను. అక్క ఇంటి వెనక మల్లెతోట ఉంది. వరండాలో కూర్చుని ఫోన్లోనే మార్కెట్లో పూల ధర విచారించి, ఫోన్లోనే పొలంలో మోటారు వేసింది. అది చూస్తే నాకు ఇంకా కష్టమైంది. ఇంత చురుకైన మనిషి ఆ రోజు గదిలోపల కూర్చుని ఉంటే నాకంటే ఎంత ముందుకు పోయేదో. కాఫీ తాగుతూ తాగుతూ అంతా చెప్పేశాను. పోటీ, మూతి, చప్పట్లు, నేను చూపు తిప్పుకోవడం.

అక్క నవ్వింది.

"అదేంది మే, ఇన్నేండ్లూ దాన్ని మోస్తా ఉండావా? మిక్సీ వచ్చినాక రోలు కోసరం ఎవురన్నా ఏడ్చినారా? ఆ బల్లమింద వంగి వంగి నాకు అప్పుటికే మెడ పట్టుకునేసింది. పోతే పోయె."

అద్దంలోంచి తనను చూశాననీ, తల వంచుకుని గీకుతూనే ఉందనీ అన్నాను.

"నువ్వు చూసింది ఒక్క చూపేగా. అందురూ చప్పట్లు కొట్టినప్పుడు నేను గూడా బ్లేడు పక్కన పెట్టేసి కొట్టినాను. మనింటి పిల్ల గదా అని. అది నువ్వు చూడలా."

ఊరట కలగవలసింది, కలగలేదు. ఇంతేనా అని నేను అనుకునేలోపల, అక్క గ్లాసు కింద పెట్టి, తోట వైపు చూస్తూ, ఒకటి మాత్రం నాకు కష్టమైంది అన్నది.

"ఆపొద్దు నువ్వు అన్నానికి రాలేదు. దినామూ మనిద్దురికీ ఒకే క్యారియరు గదా. సైకిల్ స్టాండు కాడ నీ కోసరం తెరిచి పెట్టుకుని కూచున్నా. నువ్వు ముదలాళి కార్లో ఆ కంప్యూటరోళ్ళతో కూడా హోటలుకు సాప్పాటుకి పోయినావని వాచ్‌మన్ వచ్చి చెప్పినాడు. పోతా పోతా ఒక మాట చెప్పింటే సరిపోయేది. సుమ్మా, ఊరికే చెప్పింటే చాలు."

"ఎప్పుడో అడిగుండచ్చు గదక్కా."

"ఏమని అడిగేది? అన్నానికి ఎందుకు రాలేదని అడగతారా ఎవురన్నా. మరుదినం నుంచీ నువ్వు ఆ ఏసీ గదిలోనే వాళ్ళతో తింటా ఉండావు. సరి, ఇంకింతే అనుకున్నా."

ఆ మాటలో కోపం లేదు. చెప్పి లేచి, పూలు కోసేవాళ్ళను కేకేస్తూ తోటలోకి పోయింది. నేను అక్కడే కూర్చున్నాను. నాకు ఆ భోజనం జ్ఞాపకం లేదు. ఏ హోటలో, ఏం తిన్నానో, కార్లో ఎవరి పక్కన కూర్చున్నానో, ఒక్కటీ లేదు. తిరుగు బస్సులో కళ్ళు మూసుకుని ఎంత వెతికినా తెర, చప్పట్లు, వంచిన తల ఇవే వచ్చాయి తప్ప, తెరిచి ఉన్న క్యారియరు ఎదుట ఒక్కతే కూర్చున్న అక్క రాలేదు. రాదు కూడా, నేను చూడలేదు కనుక. ఇన్నేళ్ళూ ఆ కంప్యూటర్ చేసిన పనికి నేను బాధపడుతూ, నేను చేసినదాన్ని అసలు ఎరగనే ఎరగను. యంత్రాన్ని ఎవరూ ఆపలేరని నాకు నేను చెప్పుకుని ఓదార్చుకున్న రోజులున్నాయి. ఒక మాట చెప్పి పోవడానికి ఏ యంత్రం అడ్డుపడింది?

ఇంటికి వచ్చేసరికి అక్క కూతురు ముందుగదిలోనే ఉంది, ఆదివారమైనా ఏదో పని. తలుపు తట్టి లోపలికి పోయి మంచంమీద కూర్చుని, ఆ రోజు నాకు చూపించిన పని ఇదివరకు మీ ఆఫీసులో ఎవరు చేసేవారే అని అడిగాను. ఆ పిల్ల తెరమీదనుంచి చూపు తీయకుండానే, ఒకామె ఉండేది చిన్నమ్మా, పూణేనో ఎక్కడో, మీటింగుల్లో పేరు కనపడేది, కెమెరా ఎప్పుడూ వేసేది కాదు అన్నది. ఇప్పుడెక్కడుందని అడిగాను. తెలీదు, కొన్నాళ్ళుగా ఆ పేరు రావడం లేదు అన్నది. ఆమె పేరేమిటని అడిగితే మాత్రం చేతులు మీటలమీదనుంచి తీసి, నా వైపు తిరిగి, కాసేపు ఆలోచించింది. గుర్తు రాలేదు.

తప్పు ఈ పిల్లది కాదు. ఎవరికీ చెడు తలపెట్టే మనిషి కాదిది, రైల్లో ముసలివాళ్ళు కనబడితే లేచి చోటిస్తుంది. మా కాలంలో ఒకరి చేతిలో పని ఇంకొకరి చేతికి పోయినప్పుడు ఆ ఇద్దరూ ఒక గోడకు అటూ ఇటూ ఉండేవారు, ఒకే రైల్లో ఇంటికి పోయేవారు, ఒకరి కష్టం ఒకరికి ముప్పై ఏళ్ళకైనా చెప్పుకునే వీలుండేది. నాకు బస్సెక్కి పోయేంత దూరంలో ఒక మనిషి ఉంది, నేను ఆమెకు ఏం చేశానో ఆమె నోటితోనే విన్నాను. ఈ పిల్లకు నా వయసు వచ్చి, ఏదో ఒక సాయంత్రం ఎవరో కొట్టిన చప్పట్లకు మనసు చివుక్కుమంటే, ఏ ఊరి బస్సెక్కాలో కూడా తెలియదు.