దెబ్బ తర్వాతి గీత

మా బావగారు పోయారు. మంగళవారం పొద్దున నేను దీపారాధన చేసి ఇంకా పీట మీద నుంచి లేవలేదు, ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "అన్నయ్య ఇక లేడు" అన్నారు. నల్లపాడు అవతల ఒక ఊళ్ళో ఫుట్‌బాల్ ఆట దగ్గర ఇనపరాడ్డు తలకు తగిలి, బావగారు అప్పటికి వారం పైగా ఆసుపత్రిలో ఉన్నారు. ఆ దెబ్బ ఆయన కోసం వచ్చింది కాదు. వేరే వాడి మీదికి వస్తుంటే ఆయన వెళ్ళి అడ్డం నిలబడ్డారు.

అడ్డం నిలబడటం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ప్రకాశం జిల్లా బళ్ళలో డ్రిల్లు మాస్టారుగా చేశారు. వయసులో ఉండగా సెంటర్ బ్యాక్ ఆడేవారు. అదేమిటో నాకు మొదట తెలియదు. "గోలు ముందర ఇద్దరు గోడలా నిలబడతారమ్మాయ్. వచ్చే బంతైనా, వచ్చే మనిషైనా ముందు వాళ్ళకే తగలాలి" అని చెప్పారు. తగిలిన గుర్తులు ఆయన మొహం నిండా ఉండేవి. ముక్కు ఎడమ పక్కకు వంగిపోయింది. ముందు పన్ను ఒకటి లేదు. ఎవరిదో మోచెయ్యి తగిలి ఒక చెవి వినపడదు. ఆయన భార్య, మా తోడికోడలు అక్కయ్య బతికున్న రోజుల్లో, "పెళ్ళిచూపుల్లో ఈయన్ని చూసి దొంగతనానికి వచ్చి దెబ్బలు తిన్నవాడేమో అనుకున్నానే" అని నాతో చెప్పి నవ్వేది. అక్కయ్య పోయాక ఆయన గుంటూరు వచ్చి మా మేడ మీద గదిలో ఉన్నారు.

పక్క రాష్ట్రంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. మన వైపు మంచి సెంటర్ బ్యాకులు ఉంటే వెతికిపెట్టమని వాళ్ళు ఆయనకు పని అప్పజెప్పారు. కుర్రాడు బాగా ఆడతాడు, మంచివాడు అని రాస్తే వాళ్ళకు చాలదు, అంకెలు కావాలి. తలతో ఎన్ని బంతులు గెలిచాడు, ఎన్ని ఓడాడు, ఎదుటివాడి కాలి నుంచి ఎన్ని తీశాడు, ఎన్నిసార్లు మనిషిని తన్నాడు, అన్నీ గళ్ళు గీసి పంపాలి. ఆయన ఊరూరా తిరిగి, ఫోన్ స్టాండుకు పెట్టి ఆటంతా వీడియో తీసుకొచ్చి, ఇంట్లో టీవీలో వేసేవారు. ఆయన చూస్తూ చెబుతుంటే గీతలు పెట్టే పని నాది.

నేను పదో తరగతి వరకే చదివాను. ఆ పని నాకెందుకు ఇచ్చారంటే, నేను రోజూ రామకోటి రాస్తాను. "రామకోటి రాసే చెయ్యి నిద్రలో కూడా గడి తప్పదు" అనేవారు బావగారు.

ఆ ఆట చూడటం మాత్రం నాకు కష్టంగా ఉండేది. రెండు తలకాయలు గాల్లో కొట్టుకుంటే గుళ్ళో కొబ్బరికాయ పగిలిన చప్పుడు వచ్చేది. కిందపడ్డవాడి పక్కటెముకల మీద బూటు దిగేది. అలాంటప్పుడు నేను కళ్ళు మూసుకునేదాన్ని.

"తల! గెలిచాడు. పెట్టావా?" అనేవారు బావగారు.

"కళ్ళు మూసుకున్నానండీ."

"మూసుకుంటే గీత ఎవరు పెడతారమ్మాయ్, మీ రాముడా?" అని మళ్ళీ వెనక్కి తిప్పి, ఆ దెబ్బను ఇంకోసారి చూపించేవారు.

కుర్రాళ్ళు మంచి ముక్కలన్నీ ఏరి కూర్చిన వీడియోలు పంపితే ఆయన చూసేవారు కాదు. "మిర్చి బస్తాలో పైకాయ అందరికీ ఎర్రగానే ఉంటుంది. అడుక్కి చెయ్యి పెట్టి తియ్యాలి" అనేవారు. అందుకే మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా ఒక్కణ్ణే చూసేవారు, బంతి వాడి దగ్గర లేనప్పుడు కూడా.

అంత జాగ్రత్తపడే మనిషి కోటేశు దగ్గర పొరపాటు పడ్డారు. కోటేశు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఇరవై రెండేళ్ళ వాడు. మెడ, భుజాలు గుంజల్లా ఉంటాయి. తలతో వాడు తీయని బంతి లేదు. కానీ ఆటంతా చూసినా ఒక్కసారైనా నేల మీద జారి బంతి తీయలేదు. బావగారు ఆ గడిలో సున్నా పెట్టించి, "భయస్తుడు. పనికిరాడు" అన్నారు. ఆయన ఆడింది కొత్తపట్నం వైపు ఇసకలో. అక్కడ జారితే ఒంటికి ఏమీ కాదు.

మర్నాడు ఆయనే కోటేశు వాళ్ళ ఊరు వెళ్ళి, "జారడమంటే ఇలారా" అని పంచె ఎగ్గట్టి, అరవై దాటిన వయసులో జారి చూపించారట. ఆ మైదానం మొన్నటి దాకా మిరపకాయలు ఆరబోసిన కళ్ళం. మట్టి నిండా ఎర్రటి పొడి, గింజలు. మోకాలు చెక్కుకుపోయి, ఆ పచ్చి పుండులోకి మిరప్పొడి దిగింది. ఆయన అరిచిన అరుపుకి గట్టున కట్టేసిన గేదెలు పలుపులు తెంపుకున్నాయని కోటేశు తర్వాత చెప్పాడు. ఇంటికి కుంటుకుంటూ వచ్చి కాలు చాపితే నేను వెన్న రాశాను. మంటకి కళ్ళలో నీళ్ళు కారుతున్నా నవ్వుతున్నారు. "ఎంత తప్పు లెక్క వేశానమ్మాయ్! వాళ్ళు జారరు. ఆ నేల మీద ఎవడూ జారడు. ఆ సున్నా కొట్టెయ్. నేను మళ్ళీ మొదటి నుంచి చూస్తా" అన్నారు.

ఆ వారంలోనే కోటేశు తల్లి మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"మా పెద్దోణ్ణి కాలవ నీళ్ళ గొడవలో నరికారు సారూ. పత్తి చేలోనే నరికారు. చేతులు అడ్డం పెట్టుకుంటే ముందు చేతులు నరికారు. తీసిన పత్తంతా ఎర్రగా అయిపోయింది. ఇప్పుడు ఊళ్ళో నా చిన్నోణ్ణి చూసి, 'ఏరా, మీ అన్న ఇంకా చేలోనే పడున్నాడ్రా' అని దెప్పుతున్నారు. వీడిక్కడుంటే నరుకుతాడు, లేకపోతే నరికించుకుంటాడు. ఆ క్లబ్బో ఏదో, అక్కడికి తీసుకుపోండి."

నేను మంచినీళ్ళిచ్చాను. ఆవిడ గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

"జాలిపడి ఎవరూ తీసుకోరమ్మా, లెక్క కుదరాలి" అన్నారు బావగారు. "నీ కొడుక్కి అన్నీ కుదిరాయి. ఒక్కటే తేడా. వాణ్ణి ఎవరన్నా కొడితే వాడు తిరిగి కొడతాడు. రెడ్ కార్డు ఇచ్చి బయటికి పంపుతారు. అలాంటోణ్ణి క్లబ్బు వాళ్ళు ముట్టుకోరు."

ఆవిడ వెళ్ళాక మా ఆయన అన్నారు: "అన్నయ్యా, రెండు గీతలు అటూ ఇటూ వేస్తే ఎవడు చూస్తాడు? ఒక ప్రాణం నిలబడుద్దిగా."

"క్లబ్బోడు చూడడురా. మరదలు చూస్తుంది. ఆవిడ వెనకాల ఆ రాముడొకడు" అన్నారు బావగారు. తర్వాత చాలాసేపు తన వంగిపోయిన ముక్కు రుద్దుకుంటూ కూర్చుని, నన్ను కొత్త గడి గీయమన్నారు. క్లబ్బు వాళ్ళు అడగని గడి అది. పైన 'దెబ్బ తర్వాత' అని రాయించారు. దాని కింద రెండు భాగాలు: కొట్టాడు, కొట్టలేదు.

ఆ గడి ఎందుకో ఆ రోజే చెప్పారు. వయసులో ఉండగా ఒకసారి ఎదుటి జట్టువాడు ఆయన ముక్కు పగలగొట్టాడు. ఈయన ఆ ఆట అయ్యేలోపే వాడి కాలి మీదికి కావాలని దూకారు. ఎండిన పత్తికట్టె విరిగినట్టు ఎముక విరిగింది. కొత్తపట్నంలో వల లాగి బతికే మనిషి, మళ్ళీ సరిగ్గా పడవెక్కలేకపోయాడు. "నా ముక్కు నెలరోజుల్లో మానిందమ్మాయ్. వాడి కాలి చప్పుడు ఈ చెవిటి చెవిలో ఇంకా వినపడుతుంది" అన్నారు. ఏటా కొత్త మిరపకాయలు రాగానే ఆయన ఆ మనిషి ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చేది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

ఇక కోటేశు ఆదివారాలు మా ఇంటికి వచ్చి టీవీ ముందు కూర్చునేవాడు. నేను పులిహోర పెట్టేదాన్ని. బావగారు వాడి దెబ్బలు వాడికే చూపించేవారు.

"ఏరా, వాడు మోచేత్తో కొట్టాడు. నువ్వేం చేశావ్?"

"నేనూ కొట్టా సార్. ఊరుకుంటానా?"

"బంతెటు పోయింది?"

"చూళ్ళేదు సార్."

"గోల్లోకి పోయిందిరా. నువ్వు మీసం మెలేసేలోపు వాడు గోలు కొట్టుకుపోయాడు."

"అయితే పడమంటారా సార్?"

"పడమన్లేదు. ముందు బంతి తియ్యమన్నా. దెబ్బ ఎక్కడికి పోద్దిరా, నీ మొహం మీదే ఉంటుంది. పోయేది బంతే."

మొదటి వారాల్లో గీతలన్నీ 'కొట్టాడు' కిందే పడ్డాయి. ఒకడికి పెదవి చీలింది, ఇంకొకడికి పన్ను ఊడింది. తర్వాత రెండో వైపు కూడా గీతలు పడటం మొదలైంది. అలా పడిన రోజున బావగారు మేడ మీదికి వెళుతూ మెట్ల మీద ఈల వేసేవారు.

క్లబ్బు వాళ్ళు చివరికి దాదాపు ఒప్పుకున్నారు, ఒక్క ఆట మిగిలింది. ఎండాకాలం పోటీల్లో ఆఖరాట, కోటేశు ఊరి కళ్ళంలోనే. దాని వీడియో, లెక్క పంపితే తేలుస్తామన్నారు. ఎదుటి జట్టు కోటేశు అన్నను చంపిన వాళ్ళ చుట్టాలది. బావగారు నేను ఇచ్చిన కుంకుమ పెట్టుకుని, తెల్లటోపీ పెట్టుకుని, ఫోను స్టాండు పట్టుకుని వెళ్ళారు. సాయంత్రానికి ఆయన్ను ఆసుపత్రికి చేర్చారు.

ఆసుపత్రిలో ఆయనకు తెలివి వచ్చింది ఒక్కసారే. తల చుట్టూ కట్టు, కట్టులోంచి రక్తం ఊరుతోంది. వినపడే చెవి దగ్గరికి నేను వంగాను.

"వాడు కొట్టాడా?" అన్నారు.

కోటేశు తల్లి నాతో చెప్పిన మాటే చెప్పాను. "లేదండీ బావగారూ."

"అయితే గీత పెట్టు" అన్నారు. నేను ఆయన నుంచి విన్న చివరి మాట అది.

ఆయన్ను దహనం చేసి వచ్చాక మూడో రోజున క్లబ్బు నుంచి ఫోన్ వచ్చింది. ఓదార్పు మాటలు చెప్పి, చివర్లో మొహమాటంగా ఆ ఆట సంగతి అడిగారు. ఫోను ఊళ్ళోవాళ్ళు తెచ్చి ఇచ్చారు, అందులో ఆటంతా ఉంది. మా ఆయన చూడలేనని బయటికి వెళ్ళిపోయారు. నేను పెన్సిలు చెక్కుకుని టీవీ ముందు కూర్చున్నాను. చెప్పడానికి ఆయన లేరు కాబట్టి కళ్ళు మూసుకునే వీల్లేదు.

కార్నర్ దగ్గర ఒకడు కోటేశు కనుబొమ్మ పగలగొట్టాడు. రక్తం కంట్లోకి కారుతున్నా వాడు ఎగిరి తలతో బంతి అవతలికి కొట్టాడు. బంతితో పాటు రక్తం చింది వెనకవాడి చొక్కా మీద పడింది. గీత పెట్టాను. మడమ మీద తొక్కారు. కడుపులో గుద్దారు. ఒకడు వాడి అన్న పేరెత్తి ఉమ్మేశాడు. కోటేశు బంతి వెనకే పోయాడు. అన్నీ 'కొట్టలేదు' కిందే పెట్టాను.

అప్పుడు జనం లోపలికి పరుగెత్తారు. మిరప్పొడి ఎర్రగా లేచింది. అందరూ దగ్గుతున్నారు, తిట్టుకుంటున్నారు, కర్రలు ఆడుతున్నాయి. ఒకడు కోటేశు వెనకనుంచి రాడ్డు ఎత్తాడు. ఫోను పక్కనుంచి బావగారి వీపు తెర మీదికి వచ్చింది. ఆయన రెండు చేతులూ చాచి పరుగెత్తారు. రాడ్డు దిగింది. ఆ చప్పుడు నేను ఇక్కడ రాయను. ఆయన మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగారు.

కోటేశు తిరిగి చూశాడు. కొట్టినవాడి చేతిలోంచి రాడ్డు లాగేసుకున్నాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. కోటేశు రాడ్డు రెండు చేతులా తలపైకి ఎత్తాడు.

ఇది వాళ్ళమ్మ నాకు చెప్పలేదు. నేను బావగారికి చెప్పిన మాట నిజమో కాదో ఆ క్షణాన నాకు తెలియలేదు. రామా అనడానికి కూడా నోరు రాలేదు.

"వెయ్యరా! మీ అన్నకీ సారుకీ కలిపి వెయ్యి!" అని ఎవరో అరిచారు.

కోటేశు కిందపడ్డవాణ్ణి చూశాడు. ఆ తర్వాత తల తిప్పి బావగారిని చూశాడు. రాడ్డు దూరంగా విసిరేశాడు. పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ మిరప్పొడిలో మోకాళ్ళ మీద జారి, ఆయన తల ఒళ్ళోకి తీసుకున్నాడు. మిర్చి బస్తాను ఎత్తినట్టు ఆయన్ను భుజానికెత్తుకుని తెర బయటికి వెళ్ళిపోయాడు.

గీత పెట్టాను. అది బంతి ఆటలో దెబ్బ కాదని క్లబ్బు వాళ్ళు కొట్టేస్తే కొట్టేసుకోనీ అనుకున్నాను. వాళ్ళు కొట్టెయ్యలేదు, కుర్రాణ్ణి పంపమన్నారు. రాడ్డు వేసినవాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. పెద్దకర్మ నాడు కోటేశు సంచీతో వచ్చాడు, అటునుంచి అటే రైలెక్కడానికి. భోజనానికి కూర్చుంటే చూశాను, మోకాళ్ళ మీద చెక్కుకుపోయిన పుళ్ళు ఇంకా మానలేదు.

"అమ్మా, సారు నా గురించి ఏమన్నా అన్నారా?" అని అడిగాడు.

"గీత పెట్టమన్నారు నాయనా" అన్నాను. వాడు తల వంచుకుని విస్తరిలో అన్నం కలుపుకున్నాడు. వాళ్ళమ్మ ఆ రోజు మాత్రం కూర్చుంది. నేనిచ్చిన మంచినీళ్ళు తాగింది.

వాడు వెళ్ళాక ఆ వీడియో చివరి దాకా చూశాను. అందరూ వెళ్ళిపోయినా ఫోను అక్కడే ఉండి తీస్తూనే ఉంది. ఎర్రటి దుమ్ము మెల్లగా నేలకు దిగింది. ఖాళీ కళ్ళం, అందులో బావగారి తెల్లటోపీ, దానికి కాస్త దూరంలో రాడ్డు. ఎవరో ఒక మనిషి వచ్చాడు. రాడ్డు దగ్గర ఆగి, దాన్ని చూశాడు. తర్వాత వంగి టోపీ తీసి, దుమ్ము దులిపి, చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. చార్జింగు అయిపోయి తెర నల్లబడేదాకా రాడ్డు అక్కడే పడి ఉంది.