వెలిగారం పూస

యాప్రాల్‌లో మా అబ్బాయి ఇంట్లో మొన్న సాయంత్రం మనవరాలు స్కూలు నుంచి వచ్చి, "నానమ్మా, బోరాక్స్ బీడ్ టెస్ట్ అయిపోయింది, స్క్రీన్ మీద క్లిక్ చేస్తే బ్లూ వస్తది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా రోజుల్లో బోరాక్స్‌ని వెలిగారం అనేవాళ్ళం, బంగారం అతికేటప్పుడు కంసాలి వాడే తెల్లటి పలుకులు. మెట్టుగూడ దగ్గర ఒక బడిలో నేను కెమిస్ట్రీ టీచరుగా చేరిన కొత్తలో, ల్యాబులో మగపిల్లలు ప్రయోగం చేస్తుంటే ఆడపిల్లలు వెనక నిలబడి చూసి రికార్డులో బొమ్మ దించుకోవడం అక్కడి ఆనవాయితీ. వెలిగారంలో పది నీటి అణువులని పిల్లలంతా వల్లించేవారు. నిజానికి నీటి అణువులు ఎనిమిదే, మిగతా రెంటి లెక్క నాలుగు బోరాన్లు ఆక్సిజన్లతో అల్లుకున్న చట్రంలోనే ఉందని బోర్డు మీద గీసి చెప్పేదాన్ని. కానీ మంట తగలగానే అది పొంగి, నీరంతా పోయి, కరిగి గాజులా తేటపడటం ఎవరి చేత్తో వాళ్ళు చేసి చూడాలి కదా.

ఆడపిల్లల చేత అలా చేయించబోతే హెడ్మాస్టరుగారు ల్యాబుకి తాళం వేయించారు. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, అది ఆయన చేతిలోనే ఉంది. నేను సీతాఫల్‌మండిలో వెలిగారం, మైలుతుత్తం కొని, పాత కరెంటు పొయ్యి తీగ ముక్కల కొసలు ఉంగరంలా చుట్టి, మా వీధి కంసాలి దగ్గర మంట ఊదే ఊదుగొట్టం అడిగి తెచ్చి, ఆడపిల్లల్ని ఓణీలు నడుముకి దోపుకోమని వరండాలోనే స్పిరిట్ దీపం వెలిగించాను. తీగ కొసన వెలిగారం కరిగి పూస కట్టాక, దానికి మైలుతుత్తం అద్ది మళ్ళీ కాలిస్తే, వేడిమీద ఆకుపచ్చగా ఉండి చల్లారాక నీలమయ్యేసరికి పిల్లల మొహాలు చూడాలి.

హెడ్మాస్టరుగారు వచ్చి, "ఏందమ్మా గిది, ఆడపిల్లలకు మంటతోని పనేంది?" అన్నారు.

"పొద్దున్నే ఇంట్లో కిరసనాయిలు స్టవ్ వెలిగించి వచ్చిన పిల్లలండీ వీళ్ళు, అక్కడ వద్దని ఎవరూ అనలేదు" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. తాళం తియ్యలేదు, మేమూ వరండా వదల్లేదు. నాతో చేరినవాళ్ళందరికీ అయ్యాకే నా ఉద్యోగం పర్మినెంటయింది. అయినా ఆ మాట అన్నందుకు ఒక్కనాడూ బాధపడలేదు.

ఇప్పుడు మగపిల్లలకీ మంట లేదట. ఆడా మగా సమానం కావాలని పోట్లాడినదాన్నే, కానీ అందరి చేతుల్లోంచీ దీపం తీసేసి సమానం చేస్తారని అనుకోలేదు. ఇంట్లోనే మంట మీద చేయిస్తానంటే కోడలు భయపడుతోంది, పడనీ. ఆదివారం చర్చి నుంచి రాగానే మనవరాలి జుట్టు గట్టిగా ముడి వేసి, స్పిరిట్ దీపం వెలిగించి, ఊదుగొట్టం దాని చేతికే ఇస్తాను.