ఆకుకు సర్టిఫికెట్

మా యూనివర్సిటీ హాస్టళ్లలో ఎండలు ముదిరాయంటే స్టీలు కంచాలు స్టోరు రూములోకి పోతాయి. కడగడానికి నీళ్లుండవు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల బోర్ల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. అందుకే వేసవంతా పిల్లలు అరిటాకుల్లో తినేవాళ్లు. ఎవరో మీటింగు పెట్టి కనిపెట్టిన పద్ధతి కాదది. నీళ్లు లేక అలవాటైంది, బాగుంది కాబట్టి నిలిచింది.

ఆ ఆకులు పులివెందుల వైపు నుంచి, వేముల దగ్గర ఒక పల్లె నుంచి వచ్చేవి. తెచ్చేది ఒక రైతామె. ఆమే భర్తా కొద్దిపాటి అరటితోట చేసుకుంటూ, రెండు మూడు గేదెలు, వాళ్ల మాటలో ఎనుములు, పెట్టుకుని బతికేవాళ్లు. పొద్దు పొడవకముందే కోసిన ఆకులను అరటినారతోనే కట్టలు కట్టి, మీద తడిపిన గోనెపట్టా కప్పేవాళ్లు. భర్త ట్రాలీ ఆటో తోలుతుంటే ఆమె వెనక కట్టలు జారకుండా పట్టుకుని కూర్చుని వచ్చేది. పోయేటప్పుడు బండి ఖాళీగా పోయేది కాదు. ఎంగిలాకులు, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు అన్నీ గేదెల కోసం ఎత్తుకుపోయేది. మెస్సు వెనక చెత్తకుండీ ఒకటి ఉండేది గానీ ఆ రోజుల్లో దానికి పెద్దగా పని పడేది కాదు.

నేను అక్కడ బాటనీ చెప్తాను. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వెళ్లి వస్తాను. మెస్సు కమిటీలో నన్ను వేశారు కాబట్టి ఆమెతో మాటలు కలిశాయి. అరటిగెలల ధర ఎప్పుడు పడిపోతుందో ఎవరికీ తెలియదు, పెద్దగాలి వస్తే చెట్లే పడిపోతాయి. ఈ హాస్టలు ఆకు ఉండబట్టే తోటను నిలుపుకున్నామని ఆమె నాతో చాలాసార్లు చెప్పింది.

అలా ఉండగా మా పెద్దలకు పర్యావరణం గుర్తొచ్చింది. ఊరికే గుర్తు రాలేదు. తనిఖీ బృందం వస్తోంది, కొనుగోళ్లలో ప్రకృతి మీద శ్రద్ధ చూపిస్తే మార్కులు వేస్తారు. ఇకమీదట పెన్ను దగ్గర్నుంచి పరుపు దాకా యూనివర్సిటీ కొనే ప్రతి వస్తువూ మట్టికీ నీటికీ హాని చేయనిదై ఉండాలని, సరుకు ఎక్కడ తయారై ఎలా వస్తోందో కూడా చూడాలని ఒక విధానం రాశారు. కాగితం మీద చక్కగా ఉంది. అబద్ధమెందుకు, మొదటి మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాత మెస్సు ఆకులకూ టెండరు పిలిచారు, దానితో షరతులు వచ్చాయి. భోజనానికి వాడేదేదైనా మట్టిలో కలిసిపోతుందని గుర్తింపు పొందిన ల్యాబు సర్టిఫికెట్ ఇవ్వాలి. శాంపిలు సీలు వేసి, లేబులు అంటించి తేవాలి. అరిటాకు మట్టిలో కలుస్తుందని ల్యాబు చెప్పాలట. కావాలంటే నేను రాసిస్తానన్నాను, ఇన్నేళ్లుగా పాఠం చెప్తున్నది ఆ ముక్కే కదా అన్నాను. కొనుగోళ్ల అధికారి నవ్వి, మీరు గుర్తింపు పొందిన ల్యాబు కాదు కదా మేడమ్ అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

పోటీకి వచ్చింది ప్రొద్దుటూరులో స్టీలు సామాన్ల అంగడి నడిపే ఒక వ్యాపారి. చెరకు పిప్పితో చేసిన పళ్లేలు, ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి లారీలో తెప్పించి ఇస్తాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. వరండాలో కనిపించినప్పుడు తమ ఇంట్లో శుభకార్యానికి ఆకులే వేస్తామని తానే చెప్పాడు. మీవాళ్లు అడిగిన కాగితాలు నా దగ్గర ఉన్నాయి, నేను ఇస్తున్నాను అన్నాడు. సరుకు ఎలా వస్తోందో చూడాలన్న మాట విధానంలో ఉంది కదా, ఆ లారీ వచ్చే దూరం సంగతేమిటని మీటింగులో అడిగాను. దానికి ప్రత్యేకంగా కాలమ్ లేదన్నారు.

సర్టిఫికెట్ తర్వాతైనా ఇవ్వొచ్చు, ముందు శాంపిలు తెమ్మన్నారు. ఆ రోజు రానే వచ్చింది. సీలు అంటే ఏమిటని ఆమె అంతకుముందే గుమాస్తాను అడిగిందట. అతను తల కూడా ఎత్తకుండా, నీటుగా ప్యాక్ చేసుకుని రమ్మన్నాడట. మా వైపు కొత్త చీర పెట్టేటప్పుడు అంగట్లో ఇచ్చిన కవరు తీయకుండానే పెడతారు. కవరు తీస్తే అది ఎవరో కట్టి విడిచిందనుకుంటారు. ఆమెకు తెలిసిన మర్యాద అది. పులివెందులలో పండక్కి చీరలు కొనే అంగడికి పోయి, పెద్ద కవర్లు అడిగి తెచ్చుకుంది. మంచి ఆకులు ఏరి, తుడిచి, కవర్లలో పెట్టింది. మురుకుల పొట్లాలకు చేసినట్టు అంచును కొవ్వొత్తి మంట మీద ఆడించి అతికించింది. లేబులు అన్నారని తెల్లకాగితం మీద పేరు, ఊరు రాయించి, నాలుగు మూలలా పసుపు పెట్టి అంటించింది.

కమిటీ గదిలో కొనుగోళ్ల అధికారి ఆ కవరును రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు. పర్యావరణం పేరుతో పిలిచిన టెండరుకు ప్లాస్టిక్‌లో శాంపిలా అన్నాడు. మళ్లీ నవ్వులు. పక్కనే వ్యాపారి తెచ్చిన పళ్లేల కట్ట ఉంది. దానికీ చుట్టూ బిగుతుగా ప్లాస్టిక్ కాగితం ఉంది, దాని మీద పచ్చటి ఆకు బొమ్మ అచ్చు వేసి ఉంది. ఇదేమిటని అడిగాను. అది రవాణా కోసం వేసిన ప్యాకింగు, లెక్కలోకి రాదన్నారు. బొమ్మ ఆకు పాసైంది, తోటలో కోసిన ఆకు తప్పింది.

నేను లేచి ఆ కవరు చించి ఆకు బయటికి తీసి బల్ల మీద పరిచాను. ప్లాస్టిక్ పెట్టమన్నది మన షరతే, ఆమె ఇన్నేళ్లలో ఒక్క దారప్పోగైనా ప్లాస్టిక్ వాడలేదని గట్టిగానే చెప్పాను. అధికారి చాలా శాంతంగా, ఎమోషనల్ కావద్దు మేడమ్ అన్నాడు. నా అభ్యంతరం రాసిచ్చాను. దాన్ని ఎవరైనా చదివారని నేను అనుకోను.

ఆమె వరండాలో మెట్ల మీద కూర్చుని ఉంది. విషయం చెప్పాల్సింది నేనే. చెప్పాను.

“కవరు ల్యాకుంటే మర్యాద కాదనుకొంటి మేడం. పెద్దాఫీసు గదా, ఊరికే ఆకు చేతికిస్తే ఏమనుకుంటారో అని శానా జాగ్రత్తగా చేసినా” అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద జాలితో కాదు, గదిలో నవ్విన వాళ్ల మీద కోపంతో.

ఆ వేసవి నుంచి పిల్లలు చెరకు పిప్పి పళ్లేల్లో తిన్నారు. పులుసు పోస్తే అడుగు మెత్తబడేది, రెండేసి పళ్లేలు పెట్టుకునేవాళ్లు. వాడినవి మట్టిలో కలవాలంటే ఎవరైనా మట్టి దాకా తీసుకుపోవాలి కదా. అది ఎవరి పనో విధానంలో రాయలేదు. పళ్లేలు, వాటికి చుట్టిన ప్లాస్టిక్, మిగిలిన అన్నం కలిపి మెస్సు వెనక గుట్ట పోశారు. కుక్కలు చేరాయి. చివరికి నిప్పు పెట్టారు. ఆ పొగ నా ల్యాబు కిటికీలోంచి లోపలికి వచ్చేది. కిటికీలు మూసుకుని పిల్లలకు ఆకు నిర్మాణం గురించి పాఠం చెప్పాను.

తనిఖీ బృందం వచ్చిన రోజు ఇంకో వింత చూశాను. అతిథులకు మన సీమ పద్ధతిలో భోజనం పెట్టాలని పైనుంచి మాట వచ్చింది. కొనుగోళ్ల అధికారే మనిషిని ప్రొద్దుటూరు మార్కెట్టుకు పంపి అరిటాకులు తెప్పించాడు. అర్జెంటు కొనుగోలుకు సర్టిఫికెట్ అక్కర్లేదట. పచ్చటి ఆకుల ముందు పెద్దలందరూ వరసగా కూర్చున్నారు. ఫోటో తీశారు. అదే మా పర్యావరణ నివేదిక అట్ట మీద బొమ్మ.

సిగ్గు అనేది ఒకటి ఉంటుందనుకున్నాను. అంతటితో ఆగలేదు. నివేదికలో స్థానిక రైతులకు అందించిన తోడ్పాటు అని ఒక గడి ఉంది. ఆ ఆకులామె వివరాలు మీకు తెలుసు కదా, పేరూ ఊరూ రాసి పంపండి అని నన్నే అడిగారు. ఎవరినైతే నవ్వి పంపించారో ఆమె పేరే. ఆమెను అడగకుండా రాయనన్నాను. ఫోను చేసి సంగతంతా దాచకుండా చెప్పాను.

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

“పేరు రాసుకోండి మేడం, దానికేముంది. ఆకు మాత్రం ల్యాదు. తోట కొట్టేసినాం, ఎనుములను అమ్మేసినాం. మా ఆయన చీనీకాయల మండీలో మూటలు మోయను పోతాండాడు” అంది.

ఆ మాటలే, ఒక్క అక్షరం మార్చకుండా, ఆ గడిలో రాసి పంపాను. అచ్చయి వచ్చిన నివేదికలో ఆ చోట ‘స్థానిక రైతులతో నిరంతర భాగస్వామ్యం’ అని ఉంది. ఎవరు మార్చారని అడిగితే భాష సరిదిద్దామన్నారు. ఆ విభాగంలో మా యూనివర్సిటీకి పూర్తి మార్కులు వచ్చాయి.