నాయన బయటపెట్టిన నాలుగు రోజులు

నాయనకు పక్షవాతం వచ్చినప్పుడు మేమంతా ఆయన ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాత్రమే చూశాం. బెళుగుప్ప చుట్టుపక్కల ఎవరిని అడిగినా పక్షవాతమంటే అంతే. చెయ్యి లేస్తే సగం నయం, కాలు కదిలితే పూర్తిగా నయం. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ ఆయన చేతికి నీళ్ల చెంబు ఇచ్చి పరీక్ష పెట్టేవాళ్లు. నాలుగో నెలలో చెంబు జారకుండా పట్టుకున్నాడు. అమ్మ లేదు కాబట్టి దిష్టి నేనే తీశాను.

బళ్లారిలో తలకు స్కానింగు తీయించిన రోజు ఆస్పత్రిలో నేనూ ఉన్నాను. డాక్టరు పిలిస్తే ఫిల్ము కవరు తీసుకుని తమ్ముడు లోపలికి పోయాడు. మా ఇళ్లల్లో డాక్టరుతో మాట్లాడేది మగవాళ్లు. నీళ్ల బాటిలూ బట్టల సంచీ పట్టుకుని బయట బెంచీ మీద కూర్చునేది ఆడవాళ్లు. అది తప్పని ఆ రోజు నాకూ తోచలేదు. తమ్ముడు బయటికొచ్చి, "ఏం భయం ల్యాదక్కా, చెయ్యీ కాలూ వచ్చేస్తాయంట" అన్నాడు. బస్సులో ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. ఒలిచిన చెనిక్కాయ పప్పులాగా రెండు బద్దలు, కుడి బద్దలో ముందువైపు తెల్లటి మచ్చ. అది మనిషిని ఏం చేస్తుందో నాకెవరు చెప్పాలి?

నాయన నోరు కట్టుదిట్టమైనది. ఊళ్లో మొగుడూ పెళ్లాల గొడవలైనా, అన్నదమ్ముల తగాదాలైనా ఆయన చెవిలో పడితే అక్కడే ఆగిపోయేవి. నేనూ అందుకే బతికిపోయాను. నా కూతురికి పదకొండు నెలలప్పుడు, మొగుడి తిట్లూ అత్తింటి చాకిరీ పడలేక, బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టి రాయదుర్గం బస్సెక్కాను. అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో పనికి చేరాను. నాలుగో రోజు సాయంత్రం గేటు దగ్గర నాయన నిలబడి ఉన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. టీ తాగించి తీసుకొచ్చి, మా అత్తతో, "నాకు జరమొస్తే మా పాప వచ్చి చూసుకున్యాది. బిడ్డకు అంటుకుంటాదని ఈడ్నే వదిలిపెట్టి వచ్చినాదమ్మా" అన్నాడు. ఇరవై మూడేళ్లు ఆ అబద్ధాన్ని ఆయన కాపాడితే, దాని చాటున నేను కాపురం చేశాను.

చెయ్యి స్వాధీనంలోకి వచ్చాక నాయన వేరే మనిషయ్యాడు. ఒక చావింటికి పలకరింపుకు పోయి, ఏడుస్తున్న ముసలామెతో, "ఏమమ్మా, ఇంకెంతసేపు ఏడుస్తావ్? వంట యాడ చేస్తాండారు?" అన్నాడు. జనం నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు తలకొట్టేసినట్టయింది. తమ్ముణ్ని అడిగితే, "వయసక్కా! నువ్వూరికే అన్నీ పట్టించుకుంటావ్" అని కసిరాడు. వాడు సర్పంచిగా నిలబడాలని చూస్తున్నాడు. నాయనకు ఇస్త్రీ చొక్కా తొడిగి, పోయిన ప్రతి చోటా పక్కనే కూర్చోబెట్టుకుంటున్నాడు.

అప్పుడే నా కూతురు మా ఇంట్లో పురుడు పోసుకుంది. బిడ్డను ఉయ్యాలలో వేసే పండగకు అందరినీ పిలిచాం. ముత్తాత చేతుల మీదుగా వేస్తే మంచిదని నేనే నాయన చేతికి బిడ్డనిచ్చాను. ఆయన పదిలంగా పడుకోబెట్టాడు. ఆ తర్వాత నా కూతురి వైపు తిరిగి పకపకా నవ్వాడు.

"మీ అమ్మ నిన్నిట్లనే పండబెట్టి రాయదుర్గం పారిపోయినాది పాపా! జరం ల్యాదు, గిరం ల్యాదు. నేను పోయి పిల్చుకొస్తి. రానంటే రానని ఒకటే ఏడుపు!"

నిజమే, రానని ఏడ్చాను. ఆ ముక్క ఇంతవరకూ మీకూ చెప్పలేదు. పాట పాడుతున్న ఆడవాళ్లు ఆగిపోయారు. నా కూతురి అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది. నా మొగుడు పోయి ఆరేళ్లయింది, ఆయన లేనందుకు ఆ క్షణాన సిగ్గు లేకుండా సంతోషించాను. నాయన మాత్రం పాయసం అడిగాడు.

సాయంత్రం తమ్ముణ్ని పెరట్లో నిలదీశాను. నసిగి నసిగి చివరికి కక్కాడు. "డాక్టరు అప్పుడే చెప్పినాడక్కా. చెయ్యీ కాలూ వస్తాయి గానీ, ఏది అనొచ్చు ఏది అనగూడదని నోటిని ఆపే జాగా దెబ్బతినిందంట. నలుగుర్లోకి తీస్కపోతే జాగ్రత్త, ఇంట్లో అందరికీ చెప్పుకోండన్యాడు."

"మరి నాకెందుకు చెప్పల్యాదురా?"

"నాయనకు తల చెడిందని ఊళ్లో పొక్కితే నాకెవరేస్తారు ఓటు?"

"నీ ఓటు మన్నైపోను!" అన్నాను. తోడబుట్టినవాడు చేసిన ద్రోహం అది. నాయన మీద కోపం న్యాయం కాదని తెలుసు. అయినా ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది, ఎందుకంటే నేను నమ్మింది ఆయన్నే.

లోపలికి వెళితే నా కూతురు బిడ్డ గుడ్డలు సంచిలో సర్దుతోంది. మూడో నెల దాకా నా దగ్గరే ఉండాల్సిన పిల్ల. బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకున్నాను. "తాతకు తలకాయ బాగల్యాదు పాపా. ఆ మాటలు పట్టించుకోవద్దు" అన్నాను.

"మామ చెప్పింది నేనూ విన్యానమ్మా. నోరు ఆగదన్యాడు డాక్టరు. అబద్ధాలు చెప్తాడనల్యాదే?"

నేను బిడ్డను భుజం మీదికి మార్చుకున్నాను. ఆమె సర్దడం ఆపింది.

"తాత రాకపోయింటే, నాకోసం నువ్వు తిరిగొచ్చేదానివా?"

"వచ్చేదాన్ని" అన్నాను. కానీ వెంటనే అనలేకపోయాను. ఆమె ఆ ఆలస్యాన్ని గమనించింది. నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది.